అమ్మాయి ‘ఫ్రీగా’ ఎందుకు పనిచేస్తోంది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. రైళ్లు, ఉపగ్రహాల డిజైన్‌కి బొమ్మలు గీసే ఏదో ఓపెన్ సోర్స్ టూల్ కోసం రాత్రిళ్లు ఫ్రీగా పనిచేస్తోంది. కొత్తవాళ్లకు ఫ్రీగా నేర్పుతుంది, వాళ్ల సందేహాలు ఫ్రీగా తీరుస్తుంది. ‘కమ్యూనిటీ మేనేజర్’ అవుతానంటోంది. ఇది మంచిదా, ఏఐ కోర్సు మంచిదా? పోల్చి చెప్పండి.

జవాబు: ఇంత చిన్న ఉత్తరంలో ‘ఫ్రీగా’ అని మూడుసార్లు రాశారు సార్. టూల్ పేరు మాత్రం రాయలేదు. అంటే అమ్మాయిని అడగలేదన్నమాట.

మీరు చెప్పిన ఆనవాళ్లను బట్టి అది క్యాపెల్లా లాంటిది అయి ఉండాలి. థేల్స్ అనే ఫ్రెంచ్ కంపెనీ తన ఇంజినీర్ల కోసం తయారు చేసుకుని, 2014లో ఓపెన్ సోర్స్ చేసిన, అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఇచ్చిన టూల్ అది. ఇలాంటి వాటికి కమ్యూనిటీ కట్టడం చాలా కష్టం. అక్షరాలు రాస్తే బొమ్మ గీసి ఇచ్చే మెర్మెయిడ్ లాంటి టూల్‌లో వాడేవాళ్లే ప్రోగ్రామర్లు. నాలుగు లైన్లు రాస్తే బొమ్మ వస్తుంది, తప్పుంటే వాళ్లే సరిచేసి పంపగలరు. ఇక్కడ వాడేది రైల్వే సిగ్నలింగ్ ఇంజినీరు. ఆయనకు ఆ టూల్ రాసిన జావా ప్రోగ్రామింగ్ భాష రాదు, నేర్చుకునే తీరికా లేదు. బగ్ కనబడితే ఫైలు పంపమంటే పంపలేడు, అందులో ఉన్నది కంపెనీ రహస్యం. ఎవరో ఒకరు ఓపిగ్గా పది ప్రశ్నలడిగి, అదే తప్పు వచ్చేలా ఒక చిన్న నమూనా మోడల్ తయారు చేయాలి. అది లేకపోతే డెవలపర్ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. బహుశా మీ అమ్మాయి రాత్రిళ్లు చేస్తున్నది ఈ పనే. ఇంకొకరి గజిబిజి మాటల్లోంచి అసలు సమస్యను బయటికి లాగడం ఏ కోర్సూ నేర్పదు.

కానీ ‘కమ్యూనిటీ మేనేజర్’ అన్న పేరు మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఇది అమ్మాయికి చెబుతున్నాను. ఆ ఉద్యోగం చాలాచోట్ల మార్కెటింగ్ బడ్జెట్ మీద నడుస్తుంది. ఖర్చు తగ్గించాలంటే ముందు చూపు దాని మీదే పడుతుంది. ఎంతమంది చేరారు, ఎంతమంది లైక్ కొట్టారు అని లెక్కలడుగుతారు. మోడలింగ్ టూల్‌కి వెయ్యిమంది ప్రేక్షకుల కంటే రెండోసారి ప్యాచ్ (కోడ్‌లో సవరణ) పంపే ఐదుగురు ముఖ్యం. ఆ ఐదుగురు లేకపోతే ఏమవుతుందో ఆర్గోయూఎంఎల్ అనే పాత ఓపెన్ సోర్స్ టూల్‌ని చూస్తే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ డిజైన్‌ను బొమ్మల్లో చూపే యూఎంఎల్‌ని ఒకప్పుడు ఎందరో విద్యార్థులు దాంతోనే నేర్చుకున్నారు. యూఎంఎల్ 2 అనే కొత్త వెర్షన్ వచ్చినా ఆ టూల్ పాత 1.4 దగ్గరే ఆగిపోయింది.

అందుకే మనుషుల్ని కూడగట్టే పని మానొద్దు, చేతిలో కోడ్ కూడా ఉంచుకోమనండి. జావా, ఇలాంటి టూల్స్‌కి పునాది అయిన ఈఎంఎఫ్ (ఎక్లిప్స్ మోడలింగ్ ఫ్రేమ్‌వర్క్) లోతుగా నేర్చుకోవాలి, సొంత ప్యాచ్‌లు పంపాలి. క్యాపెల్లా లాంటి ఎక్లిప్స్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో కమిటర్ హోదా, అంటే కోడ్‌ను నేరుగా మార్చే హక్కు, పరీక్ష రాస్తే రాదు. ఇప్పటికే ఉన్న కమిటర్లు పని చూసి ఓటేస్తే వస్తుంది. ఆ పని అంతా బహిరంగంగానే ఉంటుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు సర్టిఫికెట్ అడగకుండా నేరుగా తెరిచి చూసుకోవచ్చు.

పోల్చమన్నారు కదా. ఏఐ కోర్సు చెడ్డదని అనను, వచ్చే ఏడాదైనా చేరొచ్చు. పక్కింటి అబ్బాయి చేరాడని మాత్రం చేర్పించకండి. అమ్మాయి చెడిపోలేదు, వెనకబడిపోలేదు, అంత టెన్షన్ అక్కర్లేదు. నిద్ర సంగతి వేరు, దాని మీద గట్టిగానే మాట్లాడండి.

ఈ రాత్రి కాసేపు తన పక్కన కూర్చుని, ఈమధ్య తేల్చిన బగ్ ఒకటి చూపించమనండి. అర్థం కాకపోయినా ఫరవాలేదు. టూల్ పేరు తెలుసుకుని నాకు మళ్లీ రాయండి, కోర్సు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.