సరసం తెరకెక్కాలంటే

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పద్నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. పాత ఇంగ్లీషు నవలను స్క్రీన్‌ప్లేగా మలచడం నేర్చుకోవడానికి ‘టామ్ జోన్స్’ని ఎంచుకోవడం మంచి పని. హెన్రీ ఫీల్డింగ్ 1749లో అచ్చేసిన నవలా ఉంది, జాన్ ఆస్బోర్న్ స్క్రీన్‌ప్లేతో టోనీ రిచర్డ్‌సన్ 1963లో తీసిన సినిమా కూడా ఉంది. ఆ సినిమాకు వచ్చిన నాలుగు ఆస్కార్లలో ఒకటి స్క్రీన్‌ప్లేకే. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఏది ఎక్కడ మార్చారో, ఎందుకు మార్చారో నీకే తెలుస్తుంది.

నీ పేజీల్లో నాకు కనిపించిన పెద్ద లోపం, సరసమంతా డైలాగుల్లో కుక్కడం. పల్లెపిల్ల మాలీ ఒక రెండర్థాల మాట అంటుంది, కథానాయకుడు టామ్ ఇంకోటి అందుకుంటాడు, పక్కవాడు పగలబడి నవ్వుతాడు. మూడో మాటకే చూసేవాడికి విసుగు పుడుతుంది. నవల మళ్ళీ తెరిచి చూడు. నాయిక సోఫియా తండ్రి, జమీందారు స్క్వైర్ వెస్టర్న్ నోటి సంగతి వదిలెయ్, ఆయన మాటతీరే అంత. మిగతా చోట్ల పొదల చాటునా సత్రం గదిలోనూ ఏం జరిగిందో మనకు చెప్పేది కథకుడు. ఆయనేమో పెద్దమనిషి తరహాలో, అర్జీ చదివి వినిపిస్తున్నంత మర్యాదగా చెబుతాడు. జరిగింది మోటు, చెప్పే తీరు నాజూకు. నవ్వు అక్కడ పుడుతోంది. ఆ గొంతును తెర మీదికి తేకుండా కథ ఒక్కటే తెస్తే నీ చేతిలో మిగిలేది ఓ కుర్రాడి తిరుగుళ్ళు.

సినిమాలో ఆ గొంతు చేసే పనులను విడదీసి పంచారు. కొంత వాయిస్ ఓవర్‌కి ఇచ్చారు. సరసం ముదరబోయే చోట, మర్యాదకూ సెన్సారుకూ కట్టుబడి ఇక్కడ ఆపుతున్నామని కథకుడు గంభీరంగా చెబుతాడు, సీను కట్ అవుతుంది. కొంత కెమెరాకి ఇచ్చారు. టామ్ తన టోపీ తీసి లెన్సు మీద కప్పేస్తాడు, చూడాలనుకున్న మనమే దొంగల్లా దొరికిపోతాం. ఇక టామ్‌ని పెంచిన జమీందారు ఆల్‌వర్దీ పక్కలో పసిబిడ్డగా టామ్ దొరికే మొదటి ఘట్టం మూకీ సినిమాలాగా టైటిల్ కార్డులతో, జాన్ అడిసన్ సంగీతం పరుగు మీద నిమిషాల్లో అయిపోతుంది. నవలలో ఆ పనికి ఒక ‘పుస్తకం’ పట్టింది, అంటే నవలలో ఒక భాగం.

ఈసారి పెన్సిల్ పట్టుకుని చదువు. కథకుడు నోరు విప్పిన ప్రతిచోటా అంచున ఒక అక్షరం వెయ్యి. వెక్కిరిస్తే ‘వె’, దాచిపెడితే ‘దా’, కాలాన్ని తొందరపెడితే ‘తొ’, పాఠకుడితో నేరుగా మాట్లాడితే ‘మా’. ‘దా’ పడినచోట కట్ వస్తుంది. ‘తొ’ పడినచోట టైటిల్ కార్డో వేగమో చూసుకో. ‘మా’ పడినచోట నటుడు కెమెరా వైపు తిరగొచ్చు. కానీ సినిమా మొత్తానికి నాలుగైదుసార్లకు మించనివ్వకు, మించితే అది అలవాటైపోయి చూసేవాడు ఉలిక్కిపడడు. ‘వె’లు వందల్లో తేలతాయి. వాటిలో పదోవంతే వాయిస్ ఓవర్‌కి తీసుకో. బొమ్మలో కనిపిస్తున్నదాన్నే గొంతు మళ్ళీ చెబితే రెండూ చచ్చిపోతాయి.

పేజీల లెక్క కూడా ముందే వేసుకో. నవల పద్దెనిమిది పుస్తకాలు, మూడు లక్షలకు పైగా మాటలు. సినిమా మొదట విడుదలైనప్పుడు 128 నిమిషాలు. పేజీకి నిమిషం చొప్పున నీకు దక్కేది 130 పేజీల లోపే. ఆరు పుస్తకాలు సోమర్సెట్ పల్లెలో, ఆరు దారిలో, ఆరు లండన్‌లో నడుస్తాయి. ఏ పుస్తకంలో ఎంత కాలం గడుస్తుందో ఫీల్డింగే శీర్షికలో రాసిపెట్టాడు. ఒకచోట ఏళ్ళు దొర్లిపోతాయి, అప్టన్ సత్రంలో గొడవ జరిగే తొమ్మిదో పుస్తకంలో గడిచేది 12 గంటలే. ఆయన కాలాన్ని ఎక్కడ నిలబెట్టాడో నీ పేజీలు అక్కడ ఖర్చుపెట్టు. దారిలో ఎదురయ్యే కొండమీది మనిషి తన జీవితమంతా చెప్పుకునే భాగాన్ని సినిమావాళ్ళు తీసేశారు, నువ్వూ తీసెయ్. 1989లో మళ్ళీ విడుదల చేసేటప్పుడు రిచర్డ్‌సన్ తన సినిమాలోనే ఇంకో ఏడు నిమిషాలు కోసేశాడు, కాబట్టి కోయడానికి బాధపడకు.

అప్టన్ భోజనం సీను దగ్గర మాత్రం తాపీగా కూర్చో. నవలలో, దారిలో టామ్ కాపాడిన మిసెస్ వాటర్స్ కన్నులతో, నిట్టూర్పులతో టామ్ మీద దండెత్తుతుంది. ఫీల్డింగ్ దాన్ని యుద్ధవర్ణనలా రాశాడు. టామ్ మాత్రం తిండిలో మునిగి ఉంటాడు, మూడు పౌన్ల ఎద్దుమాంసం లాగించేస్తాడు. ఆమె వదిలిన ఒక ఘోరమైన నిట్టూర్పు, అతను వంపుకుంటున్న సీసాలో ఏల్ అనే బీరు బుడబుడలాడటంతో చెవిన పడకుండా పోతుంది. అంటే నవలలో తిండి టామ్‌కి డాలు. సినిమాలో అదే తిండిని ఇద్దరి చేతికీ కత్తిగా ఇచ్చారు. ఆల్బర్ట్ ఫిన్నీ, జాయిస్ రెడ్‌మన్ ఎదురెదురుగా కూర్చుని ఒక్క మాట మాట్లాడకుండా సూప్ జుర్రుతారు, ఎండ్రొయ్య డెక్క విరుస్తారు, కోడికాలు చీకుతారు, ఆల్చిప్పలు జారవిడుస్తారు, పండు కొరుకుతారు. ఒకళ్ళు చేసినదానికి ఇంకొకళ్ళ జవాబు. ఒంటి మీద గుడ్డ తొలగదు, అయినా అంతకన్నా మోటైన సీను ఆ సినిమాలో లేదు.

నువ్వు అలాంటిది రాసేటప్పుడు ‘ఇద్దరూ కవ్వింపుగా తింటారు’ అని ఒక్క వాక్యంలో వదిలెయ్యకు. చాలామంది చేసే తప్పు అదే, సెట్ మీద అది రెండు చూపులతో ముగిసిపోతుంది. ప్రతి వంటకానికి ఒక వరస రాయి: ఏం తీసుకున్నారు, చేత్తో ఏం చేశారు, ఎలాంటి చప్పుడొచ్చింది, ఎదుటివాళ్ళ కళ్ళలో ఏం మారింది. మెత్తనిదానితో మొదలుపెట్టి గట్టిగా విరిచేదానికి వెళ్ళు, మళ్ళీ రసం కారేదాని దగ్గరికి రా. డైలాగు ఒక్కటి కూడా వద్దు.

ఇంకో చోటు చూడు. వీడు ఉరికంబం ఎక్కడానికే పుట్టాడని ఇంట్లోవాళ్ళంతా టామ్ గురించి అనుకునేవారని నవలలో ఒక మాట ఉంది. నవలలో టామ్ జైలు దాకా వెళతాడు గానీ ఉరితాడు దాకా వెళ్ళడు. సినిమా ఆ మాటను మొదట్లోనే నాటి, చివర్లో నిజంగానే మెడకు తాడు బిగించి, వెస్టర్న్ చేత ఆఖరి క్షణంలో తప్పించింది. రచయిత విసిరిన ఒక వెక్కిరింతలోంచి పతాక సన్నివేశం పుట్టింది. నీ ‘వె’ గుర్తుల్లో ఇలాంటివి రెండు మూడు దొరుకుతాయి, వెతుకు.

ఆ కాలం నాటి వాతావరణానికి దుస్తుల మీద ఆధారపడకు, బురద కావాలి. వేట సీనులో హెలికాప్టర్ నుంచీ చేతిలో పట్టుకున్న కెమెరాతోనూ తీసి, గుర్రాల డొక్కల మీద నెత్తురు దాకా చూపించారు. ఆ మొరటుతనం అంతకుముందు నవ్విన నవ్వును బిగపడుతుంది. నీ పేజీల్లో అందరి బట్టలూ ఇస్త్రీ చేసినట్టున్నాయి.

టామ్ ప్రేమించే సోఫియాను కూడా ఇంకోసారి చూడు. టామ్ ఇంకో ఆడదానితో ఉన్నాడని అప్టన్‌లో తెలిశాక, ఆమె తన బొచ్చు చేతితొడుగుకు పేరు రాసిన కాగితం గుచ్చి, అతని పక్క మీద వదిలి వెళ్ళిపోతుంది. ఏడుపు లేదు, నిలదీత లేదు. నువ్వేమో అక్కడ పేజీన్నర నిలదీత రాశావు. దాన్ని కొట్టేసి, గదీ మంచమూ తొడుగూ మాత్రమే ఉంచి, అరపేజీలో ఆ సీను తిరగరాసి పంపు. మిగతా పేజీల సంగతి అది చూశాక మాట్లాడుకుందాం.