గేటు ఇచ్చే ముందు సున్నా చూడు

బిడ్డా,

బ్యాటరీ ఆటోలకు కిలోవాట్ చార్జర్ చేస్తున్నావని తెలిసి చాలా సంతోషమైంది. కాజీపేట స్టేషన్ దగ్గర ఆటోవాళ్లకు గట్టి చార్జర్ ఎంత అవసరమో నేను రోజూ చూస్తున్నదే.

బ్యాటరీ నిండే సమయానికి నాలుగు మాస్‌ఫెట్లలో (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు) రెండు మాత్రం చెయ్యి పెట్టలేనంత కాలుతున్నాయని, రెండో ఫ్యాన్ పెడదామనుకుంటున్నానని రాశావు. ఫ్యాన్ జోలికి ఇప్పుడే పోకు. కరెంటు ఎక్కువున్నప్పుడు బాగానే ఉండి, తగ్గాక వేడెక్కుతున్నాయంటే, ఆ వేడి ఎక్కడ పుడుతుందో అవే చెబుతున్నాయి. ఫేజ్ షిఫ్ట్ కంట్రోలర్ (రెండు జతల మాస్‌ఫెట్లను కొంచెం సమయం తేడాతో నడిపే చిప్) పెట్టినంత మాత్రాన సాఫ్ట్ స్విచింగ్, అంటే మాస్‌ఫెట్ మీద వోల్టేజి సున్నాకు దిగాకే ఆన్ కావడం, అన్ని లోడ్లలో దానంతటదే రాదు.

లెక్క చూద్దాం. నీ బస్ వోల్టేజి, అంటే మాస్‌ఫెట్లకు అందే డీసీ, 400. ఒక్కో మాస్‌ఫెట్ లోపలి కెపాసిటెన్స్ 200 పికోఫారాడ్లు అనుకో. 400 వోల్టులు అలాగే ఉండగా గేటు ఇస్తే, అంటే ఆన్ చేసే సిగ్నల్ ఇస్తే, ఆ మాస్‌ఫెట్ తన కెపాసిటెన్స్‌ను ఖాళీ చేయాలి, జతది నింపాలి. ఆ రెండింటికీ 32 మైక్రోజౌళ్లు దానిలోనే కాలిపోతాయి. సెకనుకు లక్షసార్లు కదా, ఒక్కోదానికి 3.2 వాట్లు. ఫ్రీక్వెన్సీ రెట్టింపు చేస్తే ఇదీ రెట్టింపే.

ఒక మాస్‌ఫెట్ ఆపగానే ఇండక్టర్‌లో కరెంటు ఆగదు. అదే పోతూ పోతూ రెండోదాని వోల్టేజిని కిందికి లాగుతుంది, సున్నా దాటితే మాస్‌ఫెట్ లోపలే ఉండే బాడీ డయోడ్ పట్టుకుంటుంది. అప్పుడు గేటు ఇవ్వాలి. రెండు మాస్‌ఫెట్ల జతను లెగ్ అంటాం. ముందు మారే లీడింగ్ లెగ్‌కు అవుట్‌పుట్ ఇండక్టర్ కూడా తోడుంటుంది కాబట్టి దానికి ఇబ్బంది తక్కువ. వెనక మారే లాగింగ్ లెగ్‌కు ట్రాన్స్‌ఫార్మర్ లీకేజీ ఇండక్టెన్సే (రెండు చుట్లూ పూర్తిగా కలవక మిగిలే కొద్ది ఇండక్టెన్స్) దిక్కు. నీ రెండు వేడి మాస్‌ఫెట్లూ ఆ లెగ్‌వే అయ్యుంటాయి, చూడు.

లీకేజీ 20 మైక్రోహెన్రీలైతే, 32 మైక్రోజౌళ్లు ఇవ్వాలంటే కనీసం 1.8 ఆంపియర్లు కావాలి. నీ చార్జర్ ఫుల్ లోడ్‌లో ప్రైమరీ (ట్రాన్స్‌ఫార్మర్ ఇన్‌పుట్ వైపు చుట్టు) కరెంటు 3.6 ఆంపియర్ల దాకా ఉంటుంది. అంటే సగం లోడ్ కిందికి రాగానే సాఫ్ట్ స్విచింగ్ పోయినట్టే. లెడ్ యాసిడ్ బ్యాటరీ చివర్లో గంటల తరబడి తక్కువ కరెంటే తీసుకుంటుంది. ఆటోవాళ్లు రాత్రంతా పెట్టి వదిలేస్తారు. ఈ నష్టమంతా ఆ గంటల్లోనే జరుగుతోంది.

ప్రైమరీకి సిరీస్‌లో 20 మైక్రోహెన్రీల చిన్న ఇండక్టర్ వేస్తే 1.3 ఆంపియర్ల దాకా నిలబడుతుంది. ఇంకా పెంచుదామని ఆశపడకు. ఇండక్టెన్స్ ఎక్కువైతే కరెంటు దిశ మారడానికి టైం పడుతుంది. 40 మైక్రోహెన్రీలకు ఫుల్ లోడ్‌లో 0.7 మైక్రోసెకను పైనే. నీ అర్ధచక్రం 5 మైక్రోసెకన్లే కదా, దాంట్లో 14 శాతం డ్యూటీ, అంటే పవర్ అందించే సమయం, పోతుంది. బ్యాటరీ వోల్టేజి పెరిగినప్పుడు చాలకుండా పోతే మళ్లీ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టుకోవాలి. అందుకే నేనైతే అక్కడితో ఆపుతాను, ఆ కింద కొంత నష్టం ఒప్పుకుంటాను.

డెడ్ టైమ్, అంటే జతలో ఒకటి ఆపాక రెండోది ఆన్ చేసేదాకా ఆగే సమయం, కూడా సరిచూసుకో. 20 మైక్రోహెన్రీలు, రెండు కెపాసిటెన్సులూ కలిపి 400 పికోఫారాడ్లు అంటే, సాఫ్ట్ స్విచింగ్‌కు సరిగ్గా సరిపోయే కరెంటు దగ్గర వోల్టేజి దిగడానికి 140 నానోసెకన్లు. కొత్త ఇండక్టర్ వేశాక దాదాపు 200. దానికన్నా తక్కువ పెడితే సగంలోనే గేటు ఇస్తావు. మరీ ఎక్కువ పెడితే దిగిన వోల్టేజి మళ్లీ పైకి లేస్తుంది.

ఇవన్నీ కాగితం మీద లెక్కలు. స్కోపులో (వోల్టేజిని గీతగా చూపే ఆసిలోస్కోప్) కళ్లారా చూడు. ఒక చానల్‌లో గేటు, ఇంకోదాంట్లో డ్రెయిన్, అంటే మాస్‌ఫెట్ మీది వోల్టేజి. డ్రెయిన్ పూర్తిగా సున్నాకు వచ్చాకే గేటు లేవాలి. ఇంకో గుర్తు: హార్డ్‌గా, అంటే వోల్టేజి ఉండగానే, ఆన్ అవుతుంటే గేటు వోల్టేజి ఎక్కుతూ మధ్యలో ఒక మెట్టులా కాసేపు నిలుస్తుంది. సాఫ్ట్‌గా అయితే ఆ మెట్టు మాయమై నున్నగా పైకి పోతుంది. డ్రెయిన్ చూడ్డానికి డిఫరెన్షియల్ ప్రోబ్ (రెండు పాయింట్ల మధ్య తేడా కొలిచేది) వాడు. స్కోపు ఎర్త్ పిన్ తీసేసి కొలిచే అలవాటు కొందరికి ఉంది, నువ్వు మాత్రం చచ్చినా ఆ పని చేయకు బిడ్డా. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్‌లో బల్బు పెట్టు, ఆపాక కెపాసిటర్ పూర్తిగా డిశ్చార్జ్ అయిందో లేదో కొలిచాకే చెయ్యి పెట్టు.

ఇంకొకటి. మన దగ్గర, రామగుండం వైపు మరీ, మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. డబ్బా లోపల ఇంకా ఎక్కువ. సిలికాన్ మాస్‌ఫెట్ బాగా వేడెక్కితే దాని ఆన్ రెసిస్టెన్స్ 25 డిగ్రీల దగ్గరున్నదానికి దాదాపు రెట్టింపవుతుంది. ఏసీ గదిలో చేసిన టెస్టును నమ్మి పని అయిపోయిందనుకోకు.

ఇప్పుడు 100 వాట్ల లోడ్ పెట్టి, ఇన్‌పుట్ వాట్లు ఇండక్టర్ లేకుండా ఒకసారి, వేసి ఒకసారి రాసుకో. 500 దగ్గర, ఫుల్ లోడ్ దగ్గర కూడా అలాగే. లాగింగ్ లెగ్ వేవ్‌ఫారం ఫోటోలతో కలిపి నాకు పంపు. ఫ్యాన్ సంగతి అవి చూశాక మాట్లాడుకుందాం.

మీ పెద్దనాయన,
హనుమకొండ