లండన్‌లో పాత కార్లపై రోజుకు 12.50 పౌండ్ల రుసుము న్యాయమేనా?

రుసుము న్యాయమే, దానిని లెక్కగట్టే పద్ధతి మాత్రం అన్యాయం. లండన్ పక్కనే ఉన్న స్లౌ పట్టణంలో కాపురముంటూ, లండన్ సరిహద్దు దాటగానే వచ్చే హిల్లింగ్‌డన్ బరో (లండన్ పాలనా విభాగాల్లో ఒకటి)లోని ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసేవాడిగా ఈ మాట చెబుతున్నాను.

పొగ ప్రమాణాలు అందుకోని బండ్లపై ఈ రుసుము వసూలు చేసే ప్రాంతమైన యూలెజ్‌ను 2023 ఆగస్టు 29న లండన్ బరోలన్నింటికీ విస్తరించినప్పుడు నా దగ్గర 2012 నాటి డీజిల్ కారు ఉండేది. బండ్ల పొగకు ఐరోపా పెట్టిన యూరో ప్రమాణాల్లో అంకె పెరిగేకొద్దీ నియమం కఠినం; పెట్రోలు కారుకు యూరో 4 ప్రమాణం చాలు, డీజిల్ కారుకు యూరో 6 ఉండాలి. నా కారు ఆ ప్రమాణాన్ని అందుకోలేదు కనుక నేను రుసుము కట్టాలి, నా కారుకంటే ఆరేళ్ళు పాతదైన పెట్రోలు కారులో వచ్చే సహోద్యోగి మాత్రం ఏమీ కట్టనక్కరలేదు. డీజిల్ పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువ కనుక ఆ తేడాను నేను తప్పుపట్టను. అయితే 2001లో కారు పన్నును కార్బన్ డయాక్సైడ్‌తో ముడిపెట్టి, దాన్ని తక్కువగా వదిలే డీజిల్ వైపు జనాన్ని మళ్ళించింది ప్రభుత్వమేనన్న సంగతిని ఇప్పుడెవరూ ఎత్తడం లేదు.

విస్తరణ తరువాత నా మొదటి డ్యూటీ ముగిసిన ఉదయం, కార్ పార్కులో స్టీరింగ్ ముందు కూర్చుని ఫోనులో బండి నంబరు కొట్టి, ముందురోజు తేదీకి ఒకసారి, ఆ రోజు తేదీకి మరొకసారి రుసుము ఎంచుకుంటే మొత్తం 25 పౌండ్లయింది. రుసుముకు రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు. రాత్రి తొమ్మిదికి లోపలికి వెళ్ళి పొద్దున్నే బయటికి వచ్చేవాడికి అది రెండు రోజుల కింద లెక్క. అదే దారిలో, అదే దూరం, అలాంటి కారులోనే పగటి డ్యూటీకి వచ్చిపోయేవారు 12.50 కడితే సరిపోతుంది. మా వార్డులో రోగుల ఒళ్ళు తుడిచి, పక్కలు మార్చే హెల్త్‌కేర్ అసిస్టెంట్లకు 25 పౌండ్లంటే అప్పట్లో సుమారు రెండు గంటల మూలవేతనం. పాత కారును తుక్కుకు ఇస్తే 2,000 పౌండ్లిచ్చే పథకం ఉండేది కానీ, అది లండన్ నివాసులకే పరిమితం. రుసుము కట్టేటప్పుడు లండన్‌వాళ్ళమైన మేము సాయం అడిగేటప్పుడు పొరుగూరివాళ్ళమయ్యాం.

ఇంత చెప్పినా ఈ నియమాన్ని ఎత్తివేయాలనే వారితో నేను కలవను. 2013లో లండన్‌లోని లూయిషమ్‌లో ఉబ్బసంతో చనిపోయిన తొమ్మిదేళ్ళ ఎల్లా మరణానికి వాయుకాలుష్యం కూడా కారణమని 2020 డిసెంబరులో కారొనర్ (మరణ కారణాలను విచారించే అధికారి) తేల్చారు. ఊపిరి అందక రొప్పుతున్న పిల్లలను అర్ధరాత్రి ఎత్తుకొచ్చే తల్లిదండ్రులను నేనూ చూస్తున్నాను.

నేను కోరే మార్పు ఒక్కటే. కెమెరాలు బండి నంబరుతో పాటు సమయాన్నీ నమోదు చేస్తాయి కనుక, మొదటిసారి పట్టుబడిన క్షణం నుంచి ఇరవై నాలుగు గంటలను ఒక రోజుగా లెక్కించాలి. అప్పుడు రాత్రి పనికి వెళ్ళేవారు, పగలు పనికి వెళ్ళేవారు ఒకే పొగకు ఒకే రుసుము కడతారు.