పాత ఫొటోలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మూతపడిన ఒక ఫొటో స్టూడియో నుంచి మా ఊరికి సంబంధించిన పాత ఫొటోలు, నెగెటివ్‌లు ఒక పెట్టెడు మాకు అందాయి. బడిపిల్లల గ్రూపు ఫొటోలు, వరదనీరు నిలిచిన వీధి, దుకాణం ముందు నిలబడిన మనుషులు, ఏదో సభ, ఇలా ఎన్నో ఉన్నాయి. ఒక్కదాని వెనుక కూడా ఏమీ రాసి లేదు. ఇవి ఏ కాలానివో, ఇందులో ఎవరెవరున్నారో తెలుసుకోవడం ఎలా? పని ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఊళ్ళో వయసు పైబడినవారి దగ్గర మొదలుపెట్టండి. వెలిసిపోయిన ప్రింటును ఎప్పటికైనా కొంతవరకు బాగుచేయవచ్చు కాని, అందులోని ముఖాలను గుర్తుపట్టగల చివరి మనిషి వెళ్ళిపోతే ఆ పేర్లను ఏ యంత్రమూ తిరిగి తెచ్చి ఇవ్వలేదు. అసలు ఫొటోలు ఇంట్లోనే ఉంచి, పెద్దవిగా తీయించిన నకళ్ళు తీసుకువెళ్ళండి. గ్రూపు ఫొటో అయితే వరుసల వారీగా ఎడమ నుంచి ప్రతి మనిషికీ ఒక సంఖ్య వేసుకోండి. "ఈయన ఫలానా ఆయనేనా?" అని అడిగితే పెద్దవారు మొహమాటానికైనా అవుననే అవకాశం ఉంది కనుక, "ఇక్కడ ఏం జరుగుతోందండీ?" అని అడిగి, వారు చెప్పినంతసేపూ వినండి. ఒకే ఫొటోను ఇద్దరు ముగ్గురికి విడివిడిగా చూపించండి. వారి మాటలు కలవకపోతే ఏదో ఒకటి తేల్చేయకుండా, ఎవరు ఎప్పుడు ఏమి చెప్పారో అన్నీ రాసి ఉంచండి. తరువాత దొరికే మరో ఫొటో ఆ తగవు తీర్చవచ్చు.

పెట్టెలో ఫొటోలు ఏ క్రమంలో ఉన్నాయో ఆ క్రమాన్ని చెదరనివ్వకండి. ఒకే కవరులో ఉన్నవి, ఒకే రీలులో వరుస సంఖ్యలున్న నెగెటివ్‌లు చాలావరకు ఒకే సందర్భానివి అయి ఉంటాయి. వాటిలో ఒక్కదాని సంగతి తేలితే మిగిలినవాటికీ దారి దొరుకుతుంది.

కాలం నిర్ణయించడానికి ఫొటో ఏ పదార్థంతో తయారైందో చూడడం ఒక పద్ధతి. ఫిల్ముకు ముందు నెగెటివ్‌లుగా వాడిన, జెలటిన్ పూత పూసిన గాజు పలకల విధానాన్ని రిచర్డ్ లీచ్ మాడక్స్ 1871లో ప్రకటించారు. ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరా 1888లోను, పిల్లలు సైతం వాడగలిగిన బ్రౌనీ కెమెరా 1900లోను వచ్చాయి. ఆ తరువాతనే మామూలు మనుషులు తమవారిని తామే ఫొటో తీసుకోవడం విస్తరించింది. అయితే ఈ ఆధారం మీ చేతిలోని ప్రింటో నెగెటివో అంతకుముందుది కాదని మాత్రమే చెబుతుంది. పాత నెగెటివ్ నుంచి ఎన్నేళ్ళ తరువాతనైనా కొత్త ప్రింటు తీయవచ్చు కదా. దుస్తులను నమ్ముకోవడమూ ప్రమాదమే, ఎందుకంటే వయసు మళ్ళినవారు తమ యౌవనకాలపు కట్టునే కొనసాగిస్తూ ఉంటారు. అందుచేత ఫొటోలో కనిపించేవాటిలో అన్నిటికన్నా కొత్త వస్తువేదో వెతకండి. వెనుక నిలిచిన విద్యుత్ స్తంభం, గోడకు వేలాడే క్యాలెండరు, వీధి మూలన ఆగిన వాహనం, దుకాణం బోర్డు మీది అక్షరాలు, వీటిని భూతద్దంతో చూడండి. ఫొటోగ్రాఫరు ఎదుట నిలిచిన పెద్దమనుషుల కంటే అంచుల్లో అనుకోకుండా పడినవే ఆ ఊరి రోజువారీ బతుకును ఎక్కువగా పట్టిస్తాయని నా దృఢమైన అభిప్రాయం.

ఫొటో చూపనిదాన్ని కూడా జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. 1838 ప్రాంతంలో ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకరైన దగేర్ తీసిన పారిస్ వీధి చిత్రంలో, బండ్లూ మనుషులూ తిరిగే వీధి నిర్మానుష్యంగా కనిపిస్తుంది. బూట్లకు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒక మనిషి ఆకారం మాత్రం ఒక మూల స్పష్టంగా పడింది. కెమెరా కన్ను నిమిషాల తరబడి తెరిచి ఉంచవలసి రావడంతో, కదిలినదేదీ పలక మీద నిలవలేదు. కనుక బాగా పాత ఫొటోలో వీధి ఖాళీగా ఉన్నంత మాత్రాన ఊరు ఖాళీగా ఉందని అనుకోకూడదు. అలాగే ఆనాటి పలకలు, ఫిల్ములు చాలావాటికి ఎరుపు రంగు అందేది కాదు. ఎర్రని బట్ట నల్లగానూ, నీలాకాశం తెల్లగానూ పడేవి. నల్లగా కనిపించే దుస్తులను చూసి అది సంతాపసభ అని రాసేయకండి. బోర్డు మీది అక్షరాలు తిరగబడి ఉంటే నెగెటివ్‌ను తిప్పి ప్రింటు వేశారని గ్రహించండి. లేకపోతే ఎడమచేతి వైపు ఇల్లు కుడిచేతి వైపుకు పోతుంది.

వరద ఫొటోను పట్టుకుని ఆ వీధికే వెళ్ళండి. గడపో, అరుగో, కిటికీ చట్రమో ఏదైనా ఇప్పటికీ మిగిలి ఉంటే, నీరు అప్పుడు ఎంత ఎత్తుకు వచ్చిందో కొలవవచ్చు. వీధి ఏ దిక్కుకు ఉందో తెలిస్తే, నీడలను బట్టి అది ఉదయమో సాయంత్రమో కూడా చెప్పవచ్చు.

ప్రశ్న: జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫొటోలను విడదీయవచ్చా? నెగెటివ్‌ల నుంచి ఘాటైన వాసన వస్తోంది, ఏం చేయాలి?

జవాబు: బలవంతంగా లాగకండి. ముందుగా పేజీ మొత్తాన్ని ఉన్నదున్నట్టుగా స్కాన్ చేయించండి. సులువుగా రాని ఫొటోను నిపుణులకు వదిలేయడం మేలు. లామినేషన్ చేయించవద్దు. వెనుక రాయాలంటే మెత్తని పెన్సిల్‌తో అంచున తేలికగా రాయండి. బాల్‌పెన్ ఒత్తిడి ముందువైపుకు తేలుతుంది. పుల్లని వెనిగర్ వాసన వస్తే అది ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము శిథిలమవుతున్న లక్షణం. దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, చల్లని పొడి చోట ఉంచి, త్వరగా స్కాన్ చేయించండి. 1950ల ఆరంభానికి ముందువైన ఫిల్ములు నైట్రేట్ అనే మరో రకం ప్లాస్టిక్‌వి కావచ్చు. అవి తేలికగా అంటుకుని భగ్గుమంటాయి కనుక ఇంట్లో దాచకుండా పురాలేఖన సంస్థల సలహా తీసుకోండి.

ప్రశ్న: కంప్యూటర్‌తో రంగులు నింపి, మసకబారిన ముఖాలను స్పష్టం చేయించి ప్రదర్శనలో పెట్టవచ్చా?

జవాబు: పెట్టవచ్చు కాని, మార్పులు చేయని స్కాన్‌ను విడిగా భద్రపరచి, ప్రదర్శించే ప్రతి కింద "రంగులు తరువాత చేర్చినవి" అని తప్పక రాయండి. ముఖాల విషయంలో మాత్రం నేను వద్దనే చెబుతాను. మసకలో లేని వివరాన్ని యంత్రం ఊహించి నింపుతుంది. అలా వచ్చిన ముఖం ఆ మనిషిది కాదు, కాని చూసిన మనుమలు అదే తమ తాతగారి ముఖమని గుర్తుపెట్టుకుంటారు.