ఇన్‌సోల్స్ తర్వాత, ముందు ఆ తిమ్మిర్ల సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 44. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. పొద్దున మంచం దిగి అడుగు వేస్తే మడమలో పొడిచినట్టు నొప్పి. రాత్రిళ్లు అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు. ఇండియా నుంచి తెచ్చుకున్న నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ రోజూ వేసుకుంటున్నాను. ఎఫ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చులకు జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టుకునే ఖాతా) మిగిలిన డబ్బు డిసెంబరు 31 దాటితే పోతుందంటున్నారు. దాంతో షూలో వేసుకునే ఇన్‌సోల్స్ కొనవచ్చా?

జవాబు: కొనవచ్చు. నొప్పికి వాడే ఆర్చ్ సపోర్టులు (పాదం వంపుకు ఆసరా ఇచ్చే ఇన్‌సోల్స్), కొలతలు తీసి చేసే ఆర్థోటిక్స్ సాధారణంగా ఎఫ్‌ఎస్‌ఏ, అలాంటిదే అయిన హెచ్‌ఎస్‌ఏ ఖాతా రెండింటిలోనూ చెల్లుతాయి. మామూలు షూస్ చెల్లవు. కొన్ని ప్లాన్లు డాక్టర్ లెటర్ అడుగుతాయి. కొన్ని కంపెనీలు కొంత డబ్బును వచ్చే ఏడాదికి మార్చుకోనిస్తాయి, హెచ్‌ఆర్‌ను అడగండి.

నా టెన్షన్ వేరే. మొదటి అడుగులో వచ్చే నొప్పి ప్లాంటార్ ఫేషియైటిస్ (మడమ నుంచి వేళ్ల దాకా అరికాలిలో ఉండే పట్టీ దెబ్బతినడం) కావచ్చు, పాదం చూడకుండా ఖాయంగా చెప్పలేను. మంటలు, తిమ్మిర్లు మాత్రం మామూలుగా దానివల్ల రావు. షుగర్‌తో నరాలు దెబ్బతిని ఉండొచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడితే బి12 తగ్గి కూడా ఇలా అవుతుంది. స్పర్శ తగ్గిన పాదానికి ఇన్‌సోల్ ఒరుసుకుని పుండు పడినా మీకు తెలియదు. అందుకే ముందు పోడియాట్రిస్ట్‌కు, అంటే పాదాల డాక్టర్‌కు చూపించండి. ఆ కోపేకీ (ఇన్సూరెన్స్ పోను మీరు కట్టే ఫీజు) ఎఫ్‌ఎస్‌ఏ డబ్బే వాడుకోవచ్చు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), బి12, కిడ్నీల కోసం క్రియాటినిన్, యూరిన్ ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి.

ఇక ఆ డైక్లోఫెనాక్. అమెరికా వెళ్లేవాళ్ల సూట్‌కేసులో ఆవకాయ పక్కన ఈ స్ట్రిప్పులు ఉండాల్సిందేనా? షుగర్ ఉన్నవాళ్లు రోజూ వేసుకుంటే కిడ్నీలకు, కడుపుకు ప్రమాదం. బీపీ మాత్రలూ వాడుతుంటే మరీ జాగ్రత్త. మీ షుగర్ డాక్టర్‌కు ఈ సంగతి చెప్పారా? చెప్పి ఉండరనే నా అనుమానం. కిడ్నీ పరీక్ష అయి, ఆయన సరే అనేదాకా మానేయండి.

ఈలోగా ఇంట్లోనూ మెత్తని చెప్పులు వేసుకోండి. గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయండి. ఉప్పు వేసిన వేడినీళ్లలో కాళ్లు పెట్టడం మాత్రం వద్దు, కాలినా తెలియదు. ఉత్త మడమ నొప్పే అయితే రెడీమేడ్ ఇన్‌సోల్స్ చాలామందికి సరిపోతాయి. వందల డాలర్లు పెట్టి కస్టమ్‌వి చేయించాలో లేదో పోడియాట్రిస్ట్ చెబుతారు. పాదం మీద పుండు, ఎరుపు, వాపు కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆ రోజే వెళ్లండి.