డి అండ్ డి కాంపెయిన్ రెండో సెషన్ దాటాలంటే ఏం చేయాలి?

"ఐదుగురం స్నేహితులం డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదలుపెట్టాం, నేనే డిఎం. కథంతా నెల రోజులు కూర్చుని రాశాను. రెండో సెషన్ దాటలేదు. తప్పెక్కడ జరిగింది?" అని ఒకరు అడిగారు. తెలియనివాళ్ల కోసం: డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డి అండ్ డి) అంటే ఒక్కొక్కరు ఒక పాత్రను తీసుకుని, పాచికలు వేస్తూ కలిసి కథ నడిపే ఆట. కథ చెప్పి ఆట నడిపించేవారే డిఎం. ఒకసారి కూర్చుని ఆడితే ఒక సెషన్, అలా చాలా సెషన్లు సాగే ఒకే కథ కాంపెయిన్.

కథ సంగతి తర్వాత, ముందు క్యాలెండర్ తీయండి. కాంపెయిన్‌ను చంపేది "వచ్చే వారం చూద్దాం" అనే మాట. రెండు వారాలకోసారి, ఆదివారం మధ్యాహ్నం 3 నుంచి 6 వరకు అని ఖాయం చేసేయండి. ఇక ప్రతిసారీ వాట్సాప్‌లో ఓటింగ్ పెట్టొద్దు. ఆడేవాళ్లు నలుగురిలో ముగ్గురు వచ్చినా ఆట జరగాల్సిందే. రానివాళ్ల పాత్ర బండికి కాపలా ఉందనుకోండి, సరిపోతుంది. ఒకరి కోసం వాయిదా వేశారా, మరుసటిసారి ఇంకొకరికి పెళ్లి పిలుపు వస్తుంది.

రెండో గండం మొదటి యుద్ధం. కొత్తవాళ్ల కోసం వచ్చిన 2014 స్టార్టర్ సెట్‌లోని 'లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్' అనే రెడీమేడ్ కథ చూడండి. దారిలో రెండు చచ్చిన గుర్రాలు, వాటికి గుచ్చుకున్న నల్ల ఈకల బాణాలు, పొదల్లో నాలుగు గోబ్లిన్లు (పొట్టి రాక్షసులు). చూడ్డానికి చిన్న గొడవే. లెక్క కట్టండి: ఒక్కో గోబ్లిన్ 50 ఎక్స్‌పీ (ఓడిస్తే వచ్చే అనుభవ పాయింట్లు), మొత్తం 200. నాలుగు ఉన్నాయి కాబట్టి 2014 రూల్స్ ప్రకారం రెట్టింపు చేసి 400గా చూడాలి. లెవెల్ 1లో, అంటే మొదటి మెట్టులో ఉన్న పాత్రలు నలుగురికి 'డెడ్లీ' (ప్రాణాంతకం) హద్దు సరిగ్గా 400. గోబ్లిన్ బాణం దెబ్బ 1డి6+2 (ఆరు ముఖాల పాచిక ఒకటి వేసి రెండు కలపడం), అంటే సగటున ఐదున్నర. విజర్డ్‌కి (మంత్రగాడికి) 8 హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) ఉంటే రెండు బాణాలకు పడిపోతాడు, తన వంతు రాకముందే. ఆటకు కొత్తగా వచ్చినవాళ్లు మొదటి అరగంట నేల మీద పడుకుని డెత్ సేవ్‌లు (పాత్ర బతుకుతుందో లేదో తేల్చే పాచికలు) వేస్తూ కూర్చుంటే మళ్లీ వస్తారా?

అందుకే మొదటిసారి మూడు గోబ్లిన్లు చాలు. రెండు కత్తులతో మీదికి వస్తాయి, ఒకటి 30 అడుగుల దూరం నుంచి బాణాలేస్తుంది. రెండు పడిపోగానే మూడోది పారిపోవాలి. దాన్ని పట్టుకుంటే తమ గుహకు దారి చెబుతుంది, వెంటాడితే గుహే కనిపిస్తుంది. ఒకవేళ ఆడేవాళ్ల పాత్రలన్నీ పడిపోయినా చంపొద్దు. గోబ్లిన్లు సామాను దోచుకుని వదిలేస్తాయి. ఇప్పుడు పోయిన సామాను కోసమైనా వాళ్లే గుహకు బయల్దేరతారు.

ఇంకో మాట, రూల్‌బుక్ ఇంగ్లీషులో ఉందని పాత్రలను కూడా ఇంగ్లీషులో మాట్లాడించకండి. ఇంగ్లీషులో అందరికీ ఒకటే 'యూ'. మనకు అలా కాదు. సత్రం యజమాని "దయచేయండి బాబూ, ఏం పెట్టమంటారు?" అన్నాడంటే, ద్వారం దగ్గర కాపలావాడు "ఏయ్, ఎవర్రా నువ్వు?" అన్నాడంటే, ఆ పాత్ర గురించి ఇక వర్ణన అక్కర్లేదు. "ఏరా" అన్నవాడే మూడో సెషన్‌లో "అండీ" అంటే, ఊళ్లో తమ పేరు మారిందని ఆడేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఇంత మంచి పనిముట్టు చేతిలో ఉండగా వాడుకోకపోవడం నాకైతే బాధగా ఉంటుంది.

పాత్ర పూర్వకథ పది పేజీలు రాసుకొచ్చేవాళ్లకు మూడు వాక్యాలు చాలని చెప్పండి: ఏం కావాలి, ఎవరంటే భయం, ఊళ్లో ఎవరు తెలుసు. లెవెల్ 1లో చెప్పుకోదగ్గ పరాక్రమం ఇంకా ఏదీ జరగలేదు, అది మీ బల్ల దగ్గరే జరగాలి. రూల్ మీద వాదన వస్తే ఒక్క నిమిషంలో తేల్చేసి ముందుకు వెళ్లండి, పుస్తకం ఆట అయ్యాక తిరగేయొచ్చు.

ఇక మీరు నెల రోజులు రాసిన కథ. అంతా ఒకేసారి అక్కర్లేదు. సెషన్ చివరి ఐదు నిమిషాల్లో "వచ్చేసారి ఎటు వెళ్తారు?" అని అడిగి, వాళ్లు చెప్పిన చోటు వరకే తయారవ్వండి: ఒక స్థలం, మాట్లాడే మనుషులు ఇద్దరు, ఒక యుద్ధం, ఒక రహస్యం. మూడు గంటలకు అంతే పడుతుంది. మిగిలింది దాచుకోండి, ఐదారు నెలల తర్వాత పనికొస్తుంది.