తేదీ తర్వాత, ముందు ప్రూఫు కాపీ

అమ్మలూ,

నీ కథల పుస్తకం నువ్వే వేసుకుంటున్నావని, అదీ ఆర్డరు వచ్చినప్పుడే కాపీ అచ్చువేసే ప్రింట్ ఆన్ డిమాండ్‌లో అని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల పేరు పుస్తకం అట్ట మీద పడటం ఇదే మొదటిసారి. ఎంత సంతోషమేసిందో! ఆ వెంటనే టెన్షన్ కూడా మొదలైంది. ప్రూఫులు దిద్దే ఉద్యోగం చేసినదాన్ని, నా భయాలన్నీ అక్షరాల దగ్గరే ఉంటాయి.

ముందు చిన్న పనులు చెప్పేస్తాను. పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు ఐఎస్‌బీఎన్ కోసం ఎవరికీ డబ్బు కట్టకు, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, ఆన్‌లైన్‌లో అప్లై చేసుకో. అచ్చువేసి అమ్మిపెట్టే సంస్థ పోతీ డాట్ కామ్ అయినా, నోషన్ ప్రెస్ అయినా ఒప్పందం చివరి లైను దాకా చదువు. కాపీరైట్ నీ దగ్గరే ఉండాలి. ఒక్కో కాపీకి అచ్చు ఖర్చు, అమ్మేవాళ్ళ కమిషన్ పోగా నీకెంత మిగులుతుందో లెక్క చూశాకే ధర పెట్టు. పుస్తకం పేరు వెబ్‌సైట్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఇవ్వు, చాలామంది అలాగే వెతుకుతారు. పుస్తకం వచ్చిన 30 రోజుల్లోగా కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, ఇంకో మూడు పెద్ద గ్రంథాలయాలకి ఒక్కో కాపీ పంపాలని 1954 నాటి చట్టం ఉంది. ప్రచురణకర్తవి నువ్వే కాబట్టి ఆ పని కూడా నీదే. బద్ధకించకు.

ఇక అసలు సంగతి. ఆవిష్కరణ ఫలానా రోజని అందరికీ మెసేజ్‌లు పెట్టేశావట! పుస్తకం చేతికి రాకముందే తేదీ చెప్పమన్నదెవరు నిన్ను?

మీ పెదనాన్న కూడా ఇలాగే చేశారు. ఆయన వ్యాసాల పుస్తకానికి ముందు త్యాగరాయ గానసభలో హాలు మాట్లాడారు, ఆహ్వానాలు పంచారు, ఆ తర్వాత ప్రెస్సుకి ఇచ్చారు. అప్పట్లో తెలుగు టైపింగ్ అంతా 'అను' అనే ఫాంట్లలోనే. అవి లేని సిస్టమ్‌లో అక్షరాలు సరిగ్గా రావు. ఆఖరి నిమిషంలో డీటీపీ అబ్బాయి ఫైలుని వేరే సిస్టమ్‌లోకి మార్చాడు. ఇంకోసారి ప్రూఫు చూస్తానని నేనంటే, "చూసిందే కదా, టైమ్ లేదు" అన్నారు. సభ రోజు మధ్యాహ్నం ఆటోలో కట్టలు దిగాయి. ఒకటి విప్పి చూద్దును కదా, 'క్ష' ఉండాల్సిన ప్రతిచోటా ఖాళీ. 'రక్షణ' కాస్తా 'ర ణ' అయి కూర్చుంది. అంకితం పేజీలో వాళ్ళమ్మ లక్ష్మమ్మ గారి పేరు మధ్యలో కూడా అదే తెల్లటి ఖాళీ.

సభ జరిగింది, పూలదండలు పడ్డాయి, ఆయన మాట్లాడారు కూడా. ఆ తర్వాత రోజూ భోజనాలయ్యాక నల్ల పెన్నులు పట్టుకుని ఇద్దరం 'క్ష'లు రాస్తూ కూర్చునేవాళ్ళం. మొత్తం 500 కాపీలు. అంకితం పేజీ మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు, ఆయనే దిద్దేవారు. ఆ తర్వాత ఆయన ఇంకో పుస్తకం వేయలేదు. ఎంత అడిగినా వేయలేదు.

"ఇప్పుడు ఎప్పుడైనా దిద్దుకోవచ్చు పెద్దమ్మా" అంటావు. ఫైలు మార్చొచ్చు, నిజమే. కొనుక్కున్నవాళ్ళ దగ్గరున్న కాపీ మారదు కదా.

అందుకని పీడీఎఫ్‌లో ఫాంట్లన్నీ ఎంబెడ్ అయ్యాయో లేదో, అంటే ఫైల్లోనే కలిసి ఉన్నాయో లేదో చూడు. పేజీలు ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేయిస్తుంటే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఆన్ చేయమను, లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. పేజీలు పెరిగినా తగ్గినా పుస్తకం వీపు మందం మారుతుంది, అట్ట కూడా మళ్ళీ చేయించాలి. అన్నీ అయ్యాక ప్రూఫు కాపీ తెప్పించి, కాగితం మీద, పైకి చదువు. కళ్ళు దాటేసిన తప్పు నోటికి తగులుతుంది.

రెండు కాపీలు తెప్పించు, ఒకటి నాకు. అంకితం ఎవరికిస్తున్నావో నేను అడగను, ఆ పేజీ మాత్రం నా చేత దిద్దించుకో. ఈలోగా ఆ తేదీ వాయిదా పడిందని అందరికీ చెప్పెయ్. ఎవరైనా ఏమైనా అంటే పెద్దమ్మ ఒప్పుకోలేదని చెప్పు.

వేళకి తిను, రాత్రిళ్ళు మరీ మేలుకోకు.

ప్రేమతో,
పెద్దమ్మ
చిక్కడపల్లి, హైదరాబాద్